తార్నాకలో బ్రాడ్వే ఆఖరి రంగం

నేను అమెరికా చూడలేదు. కానీ అమెరికాలో ఇరవై ఏళ్లు నాటకాలాడాను. బ్రాడ్వే అనే వీధిలో పేరు తెచ్చుకున్నాను, ఆ పేరు పోగొట్టుకున్నాను, చివరికి నేను ఆడిన హాలునే టాకీ కంపెనీవాళ్లు కొనుక్కుంటుంటే నిలబడి చూశాను. ఇదంతా తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో, తొంభైలలో, ఒక్క సాయంత్రం జరిగింది. ఆ సాయంత్రం గురించి రాయమని నాటకం నేర్చుకుంటున్న పిల్లలు కొందరు ఈ మధ్య అడిగారు. అడిగినవాళ్లలో సగంమంది టీవీలోకి దూకడానికే నాటకం నేర్చుకుంటున్నారని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. వినేవాడు ఎందుకు వింటున్నాడో ఆరా తీస్తూ కూర్చుంటే మా వృత్తిలో ఎవరూ నోరు తెరవలేరు.

ముందు నా పనేమిటో చెప్పాలి. ఆ రోజుల్లో నాటక సమాజాలన్నీ మగవాళ్లవే. బ్యాంకుల్లో, రైల్వేలో, సర్కారు ఆఫీసుల్లో ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్స్ వేసుకునేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు స్టేజీ ఎక్కరు. అంటే ఎక్కనివ్వరు. సంఘ సంస్కరణ గురించి రాసుకున్న నాటకానికి కూడా ఆడమనిషిని బయటినుంచే తెచ్చుకోవాలి. ఆ బయటి ఆడమనిషిని నేను. పరిషత్తు పోటీలకు వెళితే ఇవాళ ఒక సమాజానికి భార్యని, రేపు ఇంకో సమాజానికి తల్లిని. నిన్న నన్ను ఇంట్లోంచి గెంటేసిన భర్త ఇవాళ ముందు వరుసలో కూర్చుని, కొత్త భర్త సరిగ్గా గెంటుతున్నాడో లేదో చూసేవాడు.

ఎలా మొదలైనా చివరికి నేను చచ్చిపోవాలి. ఉరి, విషం, క్షయ, కాన్పు, అన్నీ అయ్యాయి. నేను నేలమీద పడగానే హీరో నా తల ఒళ్లో పెట్టుకుని ఆఖరి డైలాగు అందుకుంటాడు. సమాజాన్ని నిలదీస్తాడు. నా మొహం మీద ఉమ్మి తుంపర్లు పడుతుంటాయి. తెర పడుతుంది, చప్పట్లు. కళ్లు మూసుకుని ఎన్ని ఆఖరి డైలాగులు విన్నానో నాకే గుర్తులేదు. నటిగా నాకు పెద్ద ఆశల్లేవు. బహుమతులు వచ్చాయి, బీరువా మీద దుమ్ము పట్టాయి. ఒక్క కోరిక మాత్రం ఉండేది. ఒక్కసారి, ఒక్క నాటకంలో, నా మాట మీద తెర పడాలి.

నాకు చదువు లేదు. మాది తెనాలి పక్క. చిన్నప్పుడు బడికి పంపే తీరిక మావాళ్లకు లేదు, వెళ్లే బుద్ధి నాకు లేదు. వేషాలన్నీ చెవితోనే నేర్చుకున్నాను. నలభై దాటాక, తార్నాకలో మా చర్చిలో పాస్టరమ్మగారు సాయంత్రం బడి పెడితే వెళ్లి అక్షరాలు పట్టుకున్నాను. కీర్తనల పుస్తకం మీద నేర్చుకున్నందువల్ల చాలాకాలం ఏది చదివినా రాగం వచ్చేది. బస్సు బోర్డు చదవడం మొదలుపెడితే పూర్తయ్యేసరికి బస్సు మెట్టుగూడ దాటేది.

ఆ మెట్టుగూడలోనే, స్టేజీ పక్కనుంచి డైలాగులందించే మా ప్రాంప్టర్ ఉండేవాడు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన ముసలాయన. ఆయనదీ మా వైపే కాబట్టి బాబాయ్‌గారూ అనేదాన్ని. ఆయన నాటకం చదివి వినిపిస్తే నేను పట్టుకునేదాన్ని. ఆయనకు రెండు గుణాలున్నాయి. పుస్తకం చేతిలో ఉంటే నిద్రపోతాడు. మెలకువ వచ్చిన క్షణాన స్టేజీ మీద ఎవరైనా మాట్లాడకుండా నిలబడి ఉంటే, వాళ్లు డైలాగు మరిచిపోయారనుకుని అందిస్తాడు. ఒక పోటీలో మౌనప్రార్థన జరుగుతుంటే కూడా అందించాడు.

ఇక ప్రొఫెసరుగారు. క్యాంపస్‌లో నాటకశాఖ చూసేవారు. న్యూయార్కులో ఎన్నాళ్లున్నారో తెలియదుగానీ, తిరిగొచ్చాక మాత్రం ప్రతి వాక్యంలోనూ అక్కడే ఉండేవారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రాడ్వేలో వెలిగి ఆరిపోయిన ఒక రంగస్థల నటి మీద తెలుగులో నాటకం రాశారు. ప్రధాన పాత్రకు పెట్టుకున్న విద్యార్థినికి టీవీ సీరియల్లో కోడలి వేషం దొరికి వెళ్లిపోయింది. అప్పుడు నేను గుర్తొచ్చాను. మా సందు వెతుక్కుంటూ ఇంటికొచ్చారు.

“అమ్మా, ఒక్క విషయం ముందే చెప్తాను. ఇందులో మీరు నటించకూడదు.”

“మరి నన్నెందుకు పిలుస్తున్నారు సార్?”

“జీవించాలి.”

“అది రోజూ చేస్తున్నానుగా.”

ఆయన నవ్వలేదు. నవ్వితే సిద్ధాంతం పోతుంది. సంచీలోంచి రాతప్రతి తీసి బల్లమీద పెట్టారు. బల్ల కాస్త ఊగింది.

బాబాయ్‌గారు అది నాకు కొన్ని సాయంత్రాలు చదివి వినిపించాడు. ఆ అమెరికావిడ కథ ఇదీ. మొదటి యుద్ధం అయిపోయిన కొత్తలో ఏదో మిల్లు ఊరినుంచి న్యూయార్కు వస్తుంది. మొదట నాయిక వెనక పళ్లెం పట్టుకుని నిలబడే వేషాలు. చలికాలమంతా రైళ్లలో ఊరూరా తిరుగుతూ, పూటకో సత్రంలో బట్టలు ఉతుక్కుంటూ నాటకాలు. తర్వాత నాయిక అవుతుంది. హాలు గుమ్మం మీద దీపాలతో ఆవిడ పేరు. కొన్నాళ్లు మంచి భోగం. ఇంతలో అక్కడి షేర్ల బజారు కూలిపోతుంది, నాటకం కంపెనీ యజమాని మేడమీంచి దూకేస్తాడు. టాకీలొస్తాయి. టాకీవాళ్లు పిలిచి గొంతు పరీక్ష చేసి, ‘ఈ గొంతు మా యంత్రానికి మరీ పెద్దది’ అని పంపేస్తారు. తిరిగొస్తే స్టేజీ మీద తల్లి వేషాలు. రెండో యుద్ధం ముంచుకొస్తుండగా ఆ హాలుని టాకీ కంపెనీ కొనేస్తుంది. కూలీలు కుర్చీలు మోసుకుపోతుంటే, ఆవిడ ఖాళీ స్టేజీ మీద ఒక్కతే నిలబడి మాట్లాడుతుంది. ఆ మాటల మీద తెర.

బాబాయ్‌గారు పుస్తకం మూశాడు.

“ఏంటమ్మాయ్, అలా అయిపోయావు?”

“చివర్లో నేను చావనా బాబాయ్‌గారూ?”

“చావవు.”

“హీరో ఏం మాట్లాడడా?”

“ఆ యజమానేగా హీరో. మూడో అంకంలోనే పోయాడు కదే.”

మర్నాడే ఒప్పుకున్నాను. రైళ్లు, సత్రాలు, మేకప్ కడిగాక చర్మం మండటం, వయసు మీదపడగానే తల్లిని చేసేయడం, ఇవేవీ నాకు ప్రొఫెసరుగారు వివరించనక్కర్లేదు. అయినా రోజూ వివరించారు.

రిహార్సల్స్ సంగతి చెప్తే మీరు నమ్మరు. క్యాంపస్‌లో ఏ పనికైనా కమిటీ ఉండాలి. మా నాటకానికీ వేశారు. ఆ కమిటీ మొదటి సమావేశంలో ఒక పొద్దంతా చర్చించింది బొట్టు గురించి. అమెరికా పాత్రకు బొట్టు ఉండకూడదని కొందరు. లేకపోతే ప్రేక్షకులు మొదటి రంగంలోనే ఆవిడ భర్త పోయాడనుకుంటారని కొందరు. చిన్నది, కనపడీ కనపడకుండా పెట్టవచ్చని మధ్యేమార్గం వాళ్లు. నేను వాళ్ల ఎదురుగా, బొట్టు లేకుండానే కూర్చుని ఉన్నాను. మా చర్చి ఆడవాళ్లెవరూ పెట్టుకోరు. ఒక్కరు కూడా నా మొహం వైపు చూడలేదు. చివరికి ‘దర్శకుడి విచక్షణకు వదిలేయడమైనది’ అని తీర్మానించి టీ తాగారు.

నా గౌను నల్లకుంట టైలరు కుట్టాడు. అంతకుముందు అతను కాన్వెంటు పిల్లల యూనిఫారాలు తప్ప గౌను కుట్టి ఎరగడు. నాకు జేబు పెట్టాడు. మగవాళ్లకు కోట్లు కావాల్సివచ్చి కాచిగూడలో పెళ్లి బ్యాండువాళ్ల దగ్గర తెచ్చారు. భుజాల మీద బంగారు కుచ్చులు. దివాలా తీసిన అమెరికా యజమాని ఆ కోటుతో ‘సర్వం పోయింది!’ అంటుంటే, కాసేపట్లో బాజా మొదలుపెడతాడేమో అన్నట్టుండేది. ఆ యజమాని వేషం ఒక బ్యాంకు ఆఫీసరుది. చాలా ఏళ్లుగా నా హీరో. నన్ను అతను చంపినన్నిసార్లు ఎవరూ చంపలేదు.

ఆఖరి రంగం దగ్గర మాత్రం ప్రొఫెసరుగారికీ నాకూ పడలేదు.

“ఇక్కడ మీరు ఏడవకూడదు. ప్రేక్షకుణ్ని ఏడిపించకూడదు. ఆలోచింపజేయాలి.”

“వదిలేస్తే వాళ్లు బస్సు టైం గురించి ఆలోచిస్తారు సార్.”

“మీరు పాత పద్ధతికి అలవాటు పడ్డారు.”

“అవును సార్. జనం ఇంటికెళ్లకుండా కూర్చునే పద్ధతి.”

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ రంగం ఆయన బాగా రాశారు. ఏడవకుండా చెబితేనే బాగుందని పదిసార్లు చెప్పాక నాకే తెలిసింది. ఆ ముక్క ఆయనకు మాత్రం చెప్పలేదు.

ఇంకొక పట్టుదల కూడా ఉండేది ఆయనకు. క్యూ. అంటే ఏ మాట పడగానే ఎవరు ఏం చేయాలో, అది. “క్యూ వచ్చాక బుర్ర వాడకూడదు. శరీరం చేసేయాలి. పక్కన పిడుగు పడ్డా ఆగకూడదు,” అని రోజూ అందరినీ తోమేవారు. ఆ చివరి రంగంలో క్యూలు మూడు. ‘ఇన్ని దీపాలెందుకు, ఒక్కటి చాలు’ అని నేను అనగానే లైట్లన్నీ దిగి నా మీద ఒక్కటే మిగలాలి. ‘కుర్చీలు తీసుకెళ్లండి’ అనగానే కూలీలు ఒక్కొక్క కుర్చీ మోసుకుపోవాలి. నా ఆఖరి మాట మీద తెర దిగాలి. లైట్లూ తెరా రెండూ ఒక్కడే చూసేవాడు. మాణికేశ్వరినగర్ వైపునుంచి వచ్చేవాడు, నన్ను అక్కా అనేవాడు. ప్రొఫెసరుగారు మరీ తోముతుంటే ఒకరోజు అన్నాడు:

“సార్, మీరు ఫికర్ చెయ్యకుర్రి. ఇగ నా పెండ్లాం ఇంట్ల ‘ఒక్కటి చాలు’ అన్నా గూడ నేను లేచి లైట్ బంద్ చేస్తున్న.”

కూలీలుగా హాస్టలు కుర్రాళ్లిద్దరు. డైలాగుల్లేవు. అందుకని వాళ్ల ప్రాణమంతా ఆ కుర్చీల మీదే. వట్టి కుర్చీలు ఎత్తడం కాదు, అమెరికా కూలీల్లా ఎత్తాలని ప్రొఫెసరుగారు చెప్పారు. ఆ తేడా ఏమిటో ఆయనా చూపించలేదు, వాళ్లూ అడగలేదు.

ఇక ఆ హాలు. రాతి గోడలు, చెక్క స్టేజీ. మైకు లేకుండా మాట్లాడితే చివరి వరుసకు వినపడుతుంది. అలాంటి హాలు సిటీలో నేనింకొకటి చూడలేదు. దాన్ని మూసేసి, లోపల ఏసీలు పెట్టి కంప్యూటర్ సెంటర్ చేస్తారని అప్పటికే అనుకుంటున్నారు. క్యాంటీన్లో అందరూ బాధపడేవారు. పైవాళ్లకు చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. ఒకరికి ప్రమోషన్ రావాలి, ఇంకొకరికి క్వార్టర్ మారాలి. ప్రొఫెసరుగారు మాత్రం నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పారు.

“నేను ఊరుకోలేదమ్మా. నాటకం ద్వారా నా నిరసన తెలియజేస్తున్నాను. ఆఖరి రంగం మొత్తం అదే.”

“అయితే పైవాళ్లకు కోపం రాదా సార్?”

“తెలియదు కదా వాళ్లకు. సింబాలిక్.”

చెప్పినట్టు ఎవరికీ తెలియకుండా చెప్పడానికి ఒక పేరుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ప్రదర్శన రోజు వచ్చింది. ముఖ్య అతిథి ప్రభుత్వంలో పెద్ద మనిషి. ఆరింటికి రావాలి. రాలేదు. జనం నిండారు, ఈలలు మొదలయ్యాయి. మొదలుపెట్టేశాం. ఇక్కడ మన నాటకాల ఆచారం ఒకటి చెప్పాలి, పిల్లలకు ఇది ఏ పాఠంలోనూ ఉండదు. ముఖ్య అతిథి ఎప్పుడొస్తే అప్పుడు నాటకం ఆగుతుంది. లైట్లు వేస్తారు, స్టేజీ మీద కుర్చీలు వేస్తారు, సభ జరుగుతుంది. పూలదండలు, ఉపన్యాసాలు, శాలువాలు. మేకప్‌తో ఉన్న నటులు పక్కన నిలబడి ఉంటారు. ఆయన వెళ్లాక, చచ్చిపోయినవాళ్లు మళ్లీ పడుకుంటారు, నాటకం సాగుతుంది.

మా ముఖ్య అతిథి మూడో అంకంలో వచ్చారు. యజమాని మేడమీంచి దూకేశాడు. శవం స్టేజీ మధ్యలో ఉంది, బంగారు కుచ్చులతో. నా వృత్తి జీవితంలో మొదటిసారి హీరో చచ్చి నేను బతికి ఉన్నాను. అతని తల నా ఒళ్లో ఉంది. సరిగ్గా అప్పుడు బయట కారు హారన్లు, హాల్లో లైట్లు, ‘ముఖ్య అతిథిగారికి స్వాగతం’ అని మైకు. శవం లేచి దుమ్ము దులుపుకుంది.

“ఎప్పుడూ ఇంతే అమ్మగారూ,” అన్నాడు మా బ్యాంకు ఆఫీసరు మొహం మాడ్చుకుని. “నేను పోయినప్పుడే వస్తారు.”

వేదిక మీద పెద్దలకు వేసింది మా ఆఖరి రంగం కుర్చీలే. హాల్లో మంచి కుర్చీలు అవే మరి. ఉపన్యాసాలు మొదలయ్యాయి. నాటకరంగం ఎంత గొప్పదో చెప్పడానికి ప్రతివాడూ నాటకాన్ని ఆపి నిలబడ్డాడు. ఒకాయన బ్రాడ్వే అంటే విశాలమైన దారి అని, మన సంస్కృతి అంతకంటే విశాలమైనదని అరగంట చెప్పాడు. హాస్టలు మెస్ మూసే వేళైందని వెనక వరుసలు లేవడం మొదలైంది. స్టేజీ పక్క వింగులో ప్రొఫెసరుగారు, కమిటీ కార్యదర్శి గుసగుసలాడుకుని నా దగ్గరకొచ్చారు.

“అమ్మా, టైం లేదు. సన్మానం అవగానే, మిగతా రంగాలు వదిలేసి వందన సమర్పణ చేసేద్దాం. సారాంశం ఎలాగూ వచ్చేసింది.”

“ఆఖరి రంగం?”

“దాని అవసరం పెద్దగా లేదనిపిస్తోంది. ఆలోచించేవాళ్లకు అర్థమైపోతుంది.”

“సార్, ఆ రంగం కోసమే నేనీ నాటకం ఒప్పుకున్నాను. మీ నిరసన కూడా అందులోనే ఉందన్నారు.”

“మెల్లగా అమ్మా!” అని ఆయన స్టేజీ వైపు కంగారుగా చూశారు. “పెద్దలు కూర్చుని ఉన్నారు.”

పెద్దలు కూర్చుని ఉన్నంతసేపు చెప్పకూడదు, వెళ్లిపోయాక చెప్పొచ్చు. అదీ ఆయన నిరసన. నాకు కోపం రాలేదు. అలవాటైన నీరసం వచ్చింది. ఈసారి చంపకుండానే చంపేశారు అనుకున్నాను.

ఈలోగా నా పేరు పిలిచారు. వెళ్లాను. గౌను మీద శాలువా కప్పారు, చేతిలో పళ్ల బుట్ట పెట్టారు. ఆర్టిస్టుగారు రెండు ముక్కలు మాట్లాడాలని మైకులో అన్నారు. రెండు ముక్కలంటే ఏమిటో మాకు తెలుసు. పెద్దలకు కృతజ్ఞతలు, కళాకారులను ఆదరించాలి, నమస్కారం. మైకు ముందుకొచ్చి నిలబడ్డాను. మాట రాలేదు. వేదిక మీద పెద్దలు, ఎదురుగా జనం, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. హాలు నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దానికి బాబాయ్‌గారికి మెలకువ వచ్చింది.

ఉపన్యాసాలు జరిగినంతసేపూ ఆయన వింగులో స్టూలు మీద నిద్రపోతున్నాడు. ఆఖరి రంగం తీసేసిన సంగతి ఆయనకు తెలియదు. కళ్లు తెరిచేసరికి నేను ఆఖరి రంగం కుర్చీల ముందు గౌనుతో, మాటరాక నిలబడి ఉన్నాను. ఇంకేముంది, డైలాగు మరిచిపోయాననుకున్నాడు. పుస్తకం చివరి పేజీలు తిప్పిన చప్పుడు నాకు వినపడింది. తర్వాత ఆయన గొంతు, నన్ను జీవితమంతా నడిపించిన ఆ గొంతు:

“ఇన్ని దీపాలెందుకు...”

నేను పళ్ల బుట్ట కింద పెట్టాను. మైకు పక్కకు జరిపాను. బ్రాడ్వేలో మైకు లేదు.

“ఇన్ని దీపాలెందుకు? ఒక్కటి చాలు.”

లైట్లన్నీ దిగిపోయాయి. పెద్దలంతా చీకట్లో పడ్డారు. ఎవరో ‘కరెంటు పోయిందా?’ అన్నారు. నా మీద మాత్రం ఒక్క వెలుగు నిలబడి ఉంది. తర్వాత లైట్ల అబ్బాయిని అడిగితే, “నాకు సభ నడుస్తున్నదని తెలుసక్కా. గని క్యూ వడ్డది. చెయ్యి ఆగలె,” అన్నాడు.

“కుర్చీలు తీసుకెళ్లండి,” అన్నాను. “కుర్చీలది ఏముంది? ఏ హాల్లో వేసినా కుర్చీలే.”

కుర్రాళ్లిద్దరూ వచ్చేశారు. అమెరికా కూలీల్లా ఎత్తాలి కదా, భుజాలు ఎగరేస్తూ వచ్చి మొదటి కుర్చీకి అటూ ఇటూ నిలబడ్డారు. అందులో, వింగులోంచి వచ్చి కూర్చున్న కమిటీ కార్యదర్శి ఉన్నాడు. చీకట్లో ఇద్దరు మనుషులు వచ్చి కుర్చీ చేతులు పట్టుకుంటే ఎవరైనా ఏం చేస్తారు? సభ అయిపోయిందేమో అనుకుని లేచాడు. కుర్చీ వెళ్లిపోయింది. రెండో ఆయన ఇది చూసి, తనంతట తనే లేచి మెట్లు దిగి ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. మూడో ఆయన దండలతో సహా దిగాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. చీకట్లో ఒక్కొక్క పెద్దమనిషీ లేవడం, కుర్చీ మాయమవడం. రిహార్సల్స్‌లో వట్టి కుర్చీలతో ఒక్కనాడూ అంత బాగా రాలేదు.

చివరికి ముఖ్య అతిథి కుర్చీ మిగిలింది. కుర్రాళ్లు దాని దగ్గరికెళ్లి ఆగారు. ఆయన లేవలేదు. వాళ్లవైపు చూసి చెయ్యి ఊపాడు, పొండి అన్నట్టు. వెళ్లిపోయారు. రాతప్రతి ప్రకారం ఆఖరి మాటలు నేను ఖాళీ హాలుకు చెప్పాలి. ఎదురుగా ఒక మనిషి ఉండగా ఖాళీకి ఎందుకు చెప్పడం? ఆయన వైపు తిరిగాను.

“రేపటినుంచి ఈ గోడ మీద బొమ్మలు మాట్లాడతాయట. మంచిదే. బొమ్మలకు జ్వరం రాదు. మాటలు మరిచిపోవు. రోజూ ఒకేలా నవ్వుతాయి. కానీ నువ్వు దగ్గితే అవి ఆగవు. నేను ఆగేదాన్ని. నా మాట నీకు వినపడదేమోనని, ఇరవై ఏళ్లు నువ్వు దగ్గినప్పుడల్లా ఆగాను. నీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు దగ్గు. చూద్దాం, ఎవరు ఆగుతారో.”

ఏడవలేదు. అప్పుడు, నిజంగా చెప్తున్నాను, ఆ పెద్దమనిషి దగ్గాడు. చెక్క స్టేజీ దుమ్మో, మరేమో. దగ్గి, తను ఏం చేశాడో తెలిసినట్టు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను ఆయన దగ్గు పూర్తయ్యేదాకా ఆగి, మిగిలిన ఒక్క మాటా అన్నాను: “ఇక సెలవు.”

తెర పడింది. నా మాట మీద.

పడిన తెరకు లోపల ముఖ్య అతిథి ఉండిపోయాడు. బయట చప్పట్లు హోరెత్తుతున్నాయి. ఆయన లేచి నా దగ్గరికొచ్చాడు.

“ఏందమ్మా, గీ హాల్ తీసేస్తున్నరా?”

“అది నాటకం సార్. అమెరికాలో జరిగింది.”

“నాటకమని నాకెర్కలేదా? చిన్నప్పుడు మా ఊర్ల నేను గూడ వేషం కట్టిన. నేనడిగేది గీ హాల్ ముచ్చట.”

“తీసేస్తున్నారు సార్. కంప్యూటర్లు పెడతారట.”

అప్పటికి ప్రొఫెసరుగారు తెర కింద నుంచి దూరి లోపలికొచ్చారు, జుట్టు చెదిరిపోయి.

“సార్, అపార్థం చేసుకోకండి, ఇదంతా కేవలం సింబాలిక్...”

“ఏం సారూ,” అన్నాడు పెద్దమనిషి, “గీమె సక్కగ జెప్తుంటే మీరేందో వంకర జేస్తరు?”

తెర ఎత్తించి, మైకు తెప్పించుకుని, ఈ హాలు హాలుగానే ఉంటుందని ప్రకటించి, పళ్ల బుట్ట నాకు మళ్లీ తన చేత్తో ఇచ్చి వెళ్లిపోయాడు.

హాలు మిగిలింది. దాన్ని ఎలా కాపాడాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కాపాడటం అంటే తాళం వెయ్యడమని ఆ కమిటీ తేల్చింది. కంప్యూటర్లు ఇంకో భవనంలో పెట్టారు. మా హాల్లో తర్వాత చాలాకాలం పరీక్ష పేపర్ల కట్టలు భద్రపరిచారు. ఆ కట్టలు మాట్లాడవు, దగ్గవు. వాటికి చాలా అనువైన హాలు.

ప్రొఫెసరుగారు నన్ను మళ్లీ పిలవలేదు. పెద్దలను అవమానించానని మొదట్లో అన్నారు. కొన్నేళ్ల తర్వాత ఆయన ఎక్కడో ఒక సదస్సులో ఉపన్యసించారని బాబాయ్‌గారు విని వచ్చి చెప్పాడు. వేదిక మీద అధికారాన్ని కూర్చోబెట్టి, దాని కింది కుర్చీ లాగేయడం తన దర్శకత్వంలో తొలిసారిగా జరిగిన ప్రయోగమట. అతిథులకు ముందే చెప్పకపోవడంలోనే ఆ ప్రయోగం ఉందట.

“మీరు నిద్రపోయిన సంగతి ఆయన చెప్పారా బాబాయ్‌గారూ?” అన్నాను.

“చెప్పలేదే. నా నిద్ర కూడా ఆయనే డైరెక్ట్ చేశాడని చెప్పినా బాగుండేది.”

నేను పాత పనిలోనే ఉండిపోయాను. మళ్లీ భార్యలు, తల్లులు, మళ్లీ చావులు. ఆ తర్వాత ఏ నాటకమూ నా మాట మీద ముగియలేదు. ఒక్కసారి అయింది కదా, చాలు. చాలదని ఎవరైనా అంటే వాళ్లు ఒక్కసారి కూడా తమ మాట మీద తెర పడనివాళ్లు.

ఆ మరుసటి ఏడాది ఒక పోటీలో మా బ్యాంకు ఆఫీసరు పక్కన వేశాను. యథాప్రకారం విషం తాగాను, పోయాను. అతను నా తల ఒళ్లో పెట్టుకుని సమాజాన్ని నిలదీస్తున్నాడు. సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గరికి వస్తుండగా ముందు వరుసలో ఒక ముసలాయనకు దగ్గు తెర వచ్చింది. ఆగని దగ్గు. మా ఆఫీసరు గమనించకుండా పరిగెత్తిపోతున్నాడు. నేను శవాన్ని. ఆగవయ్యా అనడానికి లేదు. చీర కొంగు చాటున మోచేయి కదిపి, అతని డొక్కలో ఒక్క పోటు పొడిచాను.

ఆగాడు. దగ్గు తగ్గేదాకా ఆగాడు. అప్పుడు చెప్పాడు ఆ మాట. హాలు లేచి నిలబడింది. ఆ చప్పట్లు తనవే అనుకున్నాడు పాపం. నేను కళ్లు తెరవలేదు.